పాత క్రెడిట్లు వృథా పోకుండా అమెరికాలో ఆన్‌లైన్‌లో డిగ్రీ పూర్తి చేయడం ఎలా

ట్రాన్స్‌క్రిప్ట్ ఎవాల్యుయేషన్ (పాత కాలేజీల మార్కుల పత్రాలు చూసి, ఏ కోర్సులు తీసుకుంటారో కొత్త కాలేజీ ఇచ్చే లెక్క) చేతికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. రెండు కమ్యూనిటీ కాలేజీల్లో (ఎక్కువగా రెండేళ్ల చదువులుండే స్థానిక కాలేజీలు) చేసిన 58 క్రెడిట్లు పంపితే, 54 తీసుకున్నామని కొత్త కాలేజీ రాసింది. ఇంట్లో అందరికీ చెప్పుకుని సంతోషపడ్డాను. రెండు వారాల తర్వాత అడ్వైజర్ వీడియో కాల్‌లో నా డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఏవి పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపే పట్టిక) తెరిచి చూపిస్తే, ఆ 54లో డిగ్రీకి పనికొచ్చేవి 33 మాత్రమే అని తేలింది. మిగతా 21 క్రెడిట్లు, అంటే ఏడు కోర్సులు, నా పేరు మీద ఉన్నాయి గానీ డిగ్రీలో వాటికి చోటు లేదు. పిల్లలు పడుకున్నాక రాత్రిళ్లు కూర్చుని చదివిన కోర్సులవి.

ఇది నా ఒక్కదాని కథ కాదు. అమెరికా ప్రభుత్వ అకౌంటబిలిటీ ఆఫీసు 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2004 నుంచి 2009 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారు. భర్త ఉద్యోగం కోసం రాష్ట్రాలు మారుతూ, మధ్యలో పిల్లల కోసం ఆగుతూ, మళ్లీ మొదలుపెట్టే మనలాంటివాళ్లకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అందుకే తెలిసినంతవరకు వరసగా రాస్తున్నాను. వీటిలో ఒక్క మాటే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి: క్రెడిట్‌కు విలువ కట్టేది మీకు కోర్సు అమ్మిన సంస్థ కాదు, చివరికి మీకు డిగ్రీ ఇచ్చే కాలేజీ. కాబట్టి ముందు ఆ కాలేజీ తేలాలి, కోర్సులు ఆ తర్వాత.

ముందు లెక్క అర్థం చేసుకోండి

బ్యాచిలర్స్ డిగ్రీకి సాధారణంగా 120 సెమిస్టర్ క్రెడిట్లు కావాలి. ఒక కోర్సు ఎక్కువగా 3 క్రెడిట్లు ఉంటుంది. ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి గంట క్లాసు, దానికి తోడు రెండు గంటల సొంత చదువు. అంటే 3 క్రెడిట్ల కోర్సు సెమిస్టర్ మొత్తం వారానికి తొమ్మిది గంటలు అడుగుతుంది. ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సయితే అదే పని సగం రోజుల్లో అయిపోవాలి. ఈ లెక్క వేసుకోకుండా ఒకేసారి మూడు కోర్సులు తీసుకుని నెల తిరక్కముందే టెన్షన్ పడేవాళ్లను చాలామందిని చూశాను.

కొన్ని కాలేజీలు సెమిస్టర్ బదులు క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. అక్కడ డిగ్రీకి 180 క్రెడిట్లు. క్వార్టర్ క్రెడిట్లను మూడో వంతు తగ్గిస్తే సెమిస్టర్ క్రెడిట్లు వస్తాయి: 45 క్వార్టర్ క్రెడిట్లు అంటే 30 సెమిస్టర్ క్రెడిట్లు. క్వార్టర్ కాలేజీలో చేసిన 4 క్రెడిట్ల ఇంగ్లిష్ కోర్సు సెమిస్టర్ కాలేజీకి వచ్చేసరికి 2.67 అవుతుంది. అక్కడ 3 కావాలంటే ఆ చిన్న తేడా కూడా అడ్డం పడొచ్చు. ఇలాంటి చోట కాలేజీలు మినహాయింపు ఇవ్వడం ఉంది గానీ, అడిగితేనే ఇస్తారు.

ఈ 120 ఒకే సంచిలో వేసుకునే 120 కాదు. అందులో జనరల్ ఎడ్యుకేషన్ (అందరూ చదవాల్సిన సాధారణ సబ్జెక్టులు) కొంత, మేజర్ (మీ ప్రధాన సబ్జెక్టు) కొంత, ఫ్రీ ఎలక్టివ్స్ (మీకు నచ్చినవి) కొంత. మేజర్‌లో మళ్లీ 300, 400 నంబర్లున్న అప్పర్ లెవెల్ కోర్సులు ఇన్ని ఉండాలని ఒక నియమం. డిగ్రీ ఇచ్చే కాలేజీలోనే కనీసం ఇన్ని క్రెడిట్లు చేయాలని ఇంకో నియమం. దీన్ని రెసిడెన్సీ అంటారు, చాలా చోట్ల 30 క్రెడిట్లు ఉంటుంది. ఇందాక చెప్పిన నా 21 క్రెడిట్లు ఫ్రీ ఎలక్టివ్స్ కింద పడ్డాయి. ఆ డిగ్రీలో ఎలక్టివ్స్‌కు ఉన్న చోటు అప్పటికే నిండిపోయింది. కాలేజీ నన్ను మోసం చేయలేదు. "తీసుకున్నాం" అనేదానికి, "డిగ్రీలో లెక్కపెట్టాం" అనేదానికి తేడా ఉందని నాకు తెలియలేదు, అంతే. మీరు మాత్రం ఈ రెండిటినీ ప్రతిసారీ విడివిడిగా అడగండి.

పాత కాగితాలన్నీ బయటికి తీయండి

ఎప్పుడో ఒక్క సెమిస్టర్ చదివి మానేసిన కాలేజీ అయినా సరే, దాని ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించండి. అప్లికేషన్‌లో చదివిన కాలేజీలన్నీ రాయాల్సిందే. ఫెయిలైన కోర్సు ఉందని ఒక కాలేజీని దాచిపెడితే తర్వాత అడ్మిషన్‌కే ప్రమాదం. మొదట అనఫీషియల్ ట్రాన్స్‌క్రిప్టులు డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు, మీ లెక్కలకు అవే సరిపోతాయి. అఫీషియల్‌వి కాలేజీ ఖాయమయ్యాక నేరుగా అక్కడికే పంపించాలి.

పాత కాలేజీకి ఫీజు బాకీ ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ ఆపేస్తారని భయపడి చాలామంది ఆ ప్రయత్నమే మానుకుంటారు. మానుకోవద్దు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో బాకీ కోసం ట్రాన్స్‌క్రిప్ట్ ఆపకూడదని చట్టాలు ఉన్నాయి. వేరే రాష్ట్రంలో ఉన్నా ఫోన్ చేసి, వాయిదాల్లో కడతానంటే ఇస్తారేమో అడగండి.

ప్రతి కోర్సుకూ సిలబస్ సంపాదించండి. ట్రాన్స్‌క్రిప్ట్ మీద కోర్సు పేరు, నంబరు, గ్రేడు తప్ప ఏమీ ఉండదు. రేపు "ఈ కోర్సు మా కోర్సుతో సమానం కాదు" అన్నప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ సిలబస్ ఒక్కటే. అందులో వారం వారం పాఠాలు, పుస్తకం పేరు, పరీక్షల వివరాలు ఉండాలి. పాతవి దొరక్కపోతే ఆ డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు మెయిల్ చేసి, మీరు చదివిన సంవత్సరపు సిలబస్ కావాలని అడగండి. ఇప్పుడు చదువుతున్నవాటివి మాత్రం మొదటి వారంలోనే దాచుకోండి, కోర్సు ముగిశాక ఆ పేజీ తెరుచుకోకపోవచ్చు.

ఇండియాలో చదివిన డిగ్రీ గానీ, మధ్యలో ఆగిన చదువు గానీ ఉంటే దాన్ని వదిలేయకండి. క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ సంస్థ చేత దాన్ని అమెరికా క్రెడిట్లలోకి మార్పించాలి. వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్, ఎడ్యుకేషనల్ క్రెడెన్షియల్ ఎవాల్యుయేటర్స్ లాంటివి ఈ పని చేస్తాయి. ఇవి ఇలాంటి సంస్థల సంఘమైన నేసెస్‌లో సభ్యులు. క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ కోసమైతే "కోర్స్ బై కోర్స్" రిపోర్టే కావాలి. డిగ్రీ ఉందని మాత్రమే చెప్పే చిన్న రిపోర్టు చవగ్గా వస్తుంది గానీ దీనికి పనికిరాదు. మూడేళ్ల బీకాం, బీఎస్సీ డిగ్రీలను అన్ని సంస్థలూ ఒకేలా లెక్కించవు. అందుకే మీరు చేరబోయే కాలేజీ ఎవరి రిపోర్టు ఒప్పుకుంటుందో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

మన పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఒక సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు. ఇలా మూడు రకాలుగా ఉంటే, వచ్చిన ట్రాన్స్‌క్రిప్ట్ ఎవరిదో కాలేజీ సిస్టమ్‌కు తెలియక ఎక్కడో పడి ఉంటుంది. అప్లికేషన్‌లో "పాత పేర్లు" అని అడిగే గడిలో ఈ రూపాలన్నీ రాయండి.

డిగ్రీ ఇచ్చే కాలేజీని ఎంచుకోండి

మొదట చూడాల్సింది అక్రెడిటేషన్, అంటే కాలేజీ ప్రమాణాలు చూసి బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు. మిడిల్ స్టేట్స్, హయ్యర్ లెర్నింగ్ కమిషన్, సదరన్ అసోసియేషన్, న్యూ ఇంగ్లండ్ కమిషన్, నార్త్‌వెస్ట్ కమిషన్, వెస్టర్న్ అసోసియేషన్ కింది సీనియర్ కాలేజీల కమిషన్: వీటిని ఒకప్పుడు రీజినల్ అక్రెడిటర్లు అనేవారు. 2020 జులై నుంచి అమెరికా విద్యాశాఖ రీజినల్, నేషనల్ అనే తేడాను తన నిబంధనల్లోంచి తీసేసింది. అయినా క్రెడిట్లు తీసుకునేటప్పుడు చాలా కాలేజీలు ఇప్పటికీ ఈ తేడా చూస్తాయి. కాబట్టి మీరు వీటిలో ఒకదాని గుర్తింపు ఉన్న కాలేజీనే ఎంచుకోండి. కాలేజీ వెబ్‌సైట్ చెప్పిందని నమ్మేయకుండా విద్యాశాఖ అక్రెడిటేషన్ డేటాబేస్‌లో పేరు కొట్టి చూడండి. పేరులో ఒక్క మాట అటూ ఇటూ మార్చి పెద్ద యూనివర్సిటీలా కనిపించే నకిలీలు ఉన్నాయి. మీ అనుభవం చూసే డిగ్రీ ఇచ్చేస్తాం, ఒకేసారి ఇంత కట్టండి అంటే అది కాలేజీ కాదు.

పెద్దవాళ్ల కోసం, బయటి క్రెడిట్లు ఎక్కువగా తీసుకోవడం కోసమే పుట్టిన కాలేజీలు కొన్ని ఉన్నాయి. న్యూజెర్సీలో థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ, న్యూయార్క్‌లో ఎక్సెల్సియర్ యూనివర్సిటీ, కనెటికట్‌లో చార్టర్ ఓక్ స్టేట్ కాలేజీ. మూడూ 1970ల మొదట్లో ఇదే ఉద్దేశంతో మొదలయ్యాయి. సదరన్ న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీ బ్యాచిలర్స్‌కు 90 క్రెడిట్ల దాకా తీసుకుంటుంది. 1997లో కొన్ని రాష్ట్రాల గవర్నర్లు కలిసి పెట్టిన వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీది వేరే దారి. అక్కడ ఆరు నెలల టర్మ్‌కు ఒకే ఫీజు, ఆ ఆరు నెలల్లో ఎన్ని కోర్సులు పూర్తి చేయగలిగితే అన్ని చేసుకోవచ్చు. ఉద్యోగంలో ఇప్పటికే ఆ పని చేస్తున్నవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది. ఎవరో ఒకరు డెడ్‌లైన్ పెడితే తప్ప చదవలేనివాళ్లకు కష్టం.

వీటిని చూసి మీ రాష్ట్రపు పబ్లిక్ యూనివర్సిటీని మర్చిపోకండి. ఇన్‌స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకు తక్కువ ఫీజు), అదే రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీలతో ముందే కుదిరిన ఒప్పందాలు కలిపి చూస్తే చాలాసార్లు అదే మంచి దారి. నర్సింగ్, టీచింగ్, అకౌంటింగ్ లాంటి లైసెన్సు ఉన్న వృత్తులకైతే ఇంకో ప్రశ్న ఉంది: ఈ ఆన్‌లైన్ ప్రోగ్రామ్ మీరు ఉండే రాష్ట్రంలో లైసెన్సుకు సరిపోతుందా? చేరకముందే కాలేజీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, మీ రాష్ట్ర బోర్డులో కూడా కనుక్కోండి.

అడ్వైజర్‌కు మెయిల్ రాయండి

ఫోన్‌లో చెప్పిన మాట గాలికి పోతుంది. మీకు ఫోన్‌లో మాట ఇచ్చిన అడ్వైజర్ ఆరు నెలల తర్వాత అక్కడ ఉంటారన్న నమ్మకం లేదు. అన్నీ మెయిల్‌లో అడగండి. అనఫీషియల్ ట్రాన్స్‌క్రిప్టులు జత చేసి, ఫలానా మేజర్‌లో చేరాలనుకుంటున్నానని చెప్పి, ఈ ప్రశ్నలు వేయండి. నా కోర్సుల్లో ఏవేవి ఈ మేజర్‌లో ఏ గడిలో, అంటే డిగ్రీలోని ఏ అవసరం కింద పడతాయి? బయటి నుంచి మొత్తం ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారు, అందులో కమ్యూనిటీ కాలేజీవి ఎన్ని దాకా? పరీక్షల ద్వారా, బయటి ఆన్‌లైన్ సంస్థల ద్వారా వచ్చే క్రెడిట్లకు విడిగా పరిమితి ఉందా? కనీస గ్రేడు ఎంత? పాతబడిన కోర్సుల్ని తీసేసే నియమం ఉందా? సైన్స్, కంప్యూటర్ కోర్సులు కొన్నేళ్లు దాటితే చెల్లవనే కాలేజీలు ఉన్నాయి కాబట్టి ఆ చివరి ప్రశ్న తప్పకుండా అడగాలి. మీరు చేరే సంవత్సరపు కేటలాగ్ కాపీ కూడా దాచుకోండి. సాధారణంగా మీ డిగ్రీకి వర్తించే నియమాలు ఆ కేటలాగ్‌వే.

కొన్ని కాలేజీలు చేరకముందు ఎవాల్యుయేషన్ ఇవ్వం అంటాయి. అప్పుడు ట్రాన్స్‌ఫరాలజీ అనే ఉచిత వెబ్‌సైట్‌లో మీ కోర్సులు వేసి చూడండి, ఏ కాలేజీలో దేనికి సమానమో చూపిస్తుంది. కాలిఫోర్నియా వాళ్లకు అసిస్ట్ అనే వెబ్‌సైట్ ఉంది. అక్కడి కమ్యూనిటీ కాలేజీ కోర్సులు యూసీ, సీఎస్‌యూ (ఆ రాష్ట్రపు రెండు పబ్లిక్ యూనివర్సిటీ వ్యవస్థలు) క్యాంపస్‌లలో ఏ మేజర్‌కు ఎలా పనికొస్తాయో అందులో రాసి ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, జవాబు సరిగా రాయని కాలేజీలో చేరకపోవడమే మంచిది. డబ్బు కట్టకముందే జవాబు రాకపోతే కట్టాక ఎలా వస్తుంది?

ఖాళీలు చవగ్గా నింపండి

ఇప్పుడు మీ చేతిలో ఒక పటం ఉంది. ఏ గడులు నిండాయి, ఏవి ఖాళీగా ఉన్నాయో తెలుసు. ఖాళీలు నింపడానికి దారులు చాలా ఉన్నాయి.

అన్నిటికంటే నమ్మకమైనది కమ్యూనిటీ కాలేజీ. ఎక్కువ కాలేజీల్లో ఆన్‌లైన్ కోర్సులు ఉన్నాయి. అక్కడ మొదలుపెడితే సగంలో ఆగకుండా, వీలైతే అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల డిగ్రీ) గానీ, జనరల్ ఎడ్యుకేషన్ కోర్ మొత్తం గానీ పూర్తి చేసి ట్రాన్స్‌ఫర్ అవ్వండి. విడివిడి కోర్సులుగా పంపితే ఒక్కోదాన్నీ తూకం వేస్తారు. కట్టగా పంపితే కట్టగా తీసుకుంటారు. టెక్సస్ పబ్లిక్ కాలేజీల్లో 42 క్రెడిట్ల జనరల్ ఎడ్యుకేషన్ కోర్ పూర్తయిందని ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉంటే, వేరే టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీ దాన్ని మొత్తంగా ఒప్పుకోవాల్సిందే. ఫ్లోరిడాలో పబ్లిక్ కాలేజీలన్నిటికీ ఒకే కోర్సు నంబర్ల పద్ధతి ఉంది, అసోసియేట్ ఇన్ ఆర్ట్స్ పూర్తి చేసినవాళ్లకు స్టేట్ యూనివర్సిటీల్లో ఎక్కడో ఒకచోట సీటు హామీ కూడా ఉంది. అయితే కోరుకున్న మేజర్‌లోనే ఇస్తామన్న హామీ కాదు. నేను రాష్ట్రం మారే ముందు ఇంకో మూడు కోర్సులు చేసి ఉంటే నా అసోసియేట్ డిగ్రీ పూర్తయ్యేది. ఆ మాట అప్పుడు చెప్పేవాళ్లు లేకపోయారు.

రెండో దారి పరీక్షలు. కాలేజ్ బోర్డ్ నడిపే క్లెప్ పరీక్షలు 1960ల నుంచి ఉన్నాయి. సోషియాలజీ, సైకాలజీ, కాలేజ్ ఆల్జీబ్రా, అమెరికా చరిత్ర, మార్కెటింగ్, ఎకనామిక్స్ ఇలా ముప్ఫైకి పైగా సబ్జెక్టుల్లో గంటన్నర చుట్టూ పట్టే పరీక్ష, ఎక్కువవాటికి 3 క్రెడిట్లు. స్కోరు 20 నుంచి 80 మధ్య ఇస్తారు, 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫార్సు. కొన్ని కాలేజీలు అంతకంటే ఎక్కువ అడుగుతాయి. ఫీజు 100 డాలర్ల చుట్టూ, టెస్ట్ సెంటర్‌కు ఇంకొంత. ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు, వెబ్‌క్యామ్‌లో ఎవరో చూస్తుంటారు. తప్పితే అదే పరీక్ష మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి. మోడర్న్ స్టేట్స్ అనే స్వచ్ఛంద సంస్థ ఉచిత కోర్సులు ఇస్తుంది, వాటిని పూర్తి చేస్తే పరీక్ష ఫీజుకు వోచర్ కూడా ఇస్తుంది. ఇండియాలో ఇంటర్ దాకా లెక్కలు బాగా చేసినవాళ్లకు ఆల్జీబ్రా పరీక్ష పెద్ద కష్టం కాదు. అమెరికా చరిత్ర మాత్రం మనకు పూర్తిగా కొత్త, దానికి టైమ్ పెట్టాలి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. కాలేజ్ కాంపోజిషన్ పేరుతో రెండు క్లెప్ పరీక్షలు ఉన్నాయి, ఒకటి వ్యాసాలతో ఉండేది, రెండోది మాడ్యులర్. మీ కాలేజీ ఏది ఒప్పుకుంటుందో చూసుకోకుండా రాయకండి. బయాలజీ, కెమిస్ట్రీ క్లెప్ రాస్తే క్రెడిట్లు వచ్చినా ల్యాబ్ అవసరం తీరకపోవచ్చు. ఒకే సబ్జెక్టుకు రెండుసార్లు క్రెడిట్ రాదు కాబట్టి, సైకాలజీ కోర్సు చేసి ఉన్నవాళ్లు సైకాలజీ క్లెప్ రాయడం డబ్బు దండగ. క్లెప్‌లో లేని కొన్ని సబ్జెక్టులు డీఎస్ఎస్‌టీ అనే ఇంకో పరీక్షల వరసలో దొరుకుతాయి.

మూడోది, సోఫియా, స్టడీ డాట్ కామ్, స్ట్రెయిటర్‌లైన్, సేలర్ అకాడమీ లాంటి ఆన్‌లైన్ సంస్థలు. ఇవి కాలేజీలు కావు, డిగ్రీలు ఇవ్వవు. వీటి కోర్సులను అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ పరిశీలించి, ఇన్ని క్రెడిట్లు ఇవ్వొచ్చని సిఫార్సు చేస్తుంది. సిఫార్సు అంటే సిఫార్సే, ఏ కాలేజీ మీదా బలవంతం లేదు. నేను పైన చెప్పిన పెద్దవాళ్ల కాలేజీలు వీటిని ధారాళంగా తీసుకుంటాయి. పెద్ద స్టేట్ యూనివర్సిటీలు చాలావరకు తీసుకోవు. నెల ఫీజు పద్ధతిలో ఉన్నవాటిలో మనసు పెట్టి కూర్చుంటే నెలకు రెండు మూడు కోర్సులు అవుతాయి, అంత చవక ఇంకెక్కడా లేదు. ఆ చవక చూసే చాలామంది ముందు పది కోర్సులు చేసేసి తర్వాత కాలేజీ వెతుక్కుంటారు. దయచేసి అలా చేయకండి. మీ కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు, దానికి సమానమైన తమ కోర్సు నంబరు రాసిన పట్టిక ఉంటేనే మొదలుపెట్టండి.

ఇక ఉద్యోగ అనుభవం. పోర్ట్‌ఫోలియో అసెస్‌మెంట్ అని ఉంటుంది. ఒక కోర్సులో నేర్పేది మీకు పని వల్ల ఇప్పటికే వచ్చని రాసి, రుజువులు జతచేస్తే, ఆ సబ్జెక్టు ప్రొఫెసర్ చూసి క్రెడిట్ ఇస్తారు. "పదేళ్లు అకౌంట్స్ చూశాను" అంటే సరిపోదు. ఆ కోర్సు లక్ష్యాలు ఒక్కొక్కటీ తీసుకుని, మీరు ఎక్కడ ఏం చేసి అది నేర్చుకున్నారో రాయాలి. శ్రమ ఎక్కువే గానీ, ఏళ్ల తరబడి సొంత వ్యాపారం నడిపినవాళ్లకు, ఐటీలో పనిచేసినవాళ్లకు చేసి చూడదగ్గది. ఐటీ సర్టిఫికేషన్లకు నేరుగా క్రెడిట్ ఇచ్చే కాలేజీలూ ఉన్నాయి. సైన్యంలో పనిచేసినవాళ్ల శిక్షణ జాయింట్ సర్వీసెస్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంటుంది, ఎయిర్‌ఫోర్స్ వాళ్లది కమ్యూనిటీ కాలేజ్ ఆఫ్ ది ఎయిర్‌ఫోర్స్ నుంచి వస్తుంది.

డబ్బు, వీసా

ఫెడరల్ సహాయం కోసం ఫాఫ్సా అనే దరఖాస్తు నింపాలి. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, ఇంకా కొన్ని వర్గాలవాళ్లు మాత్రమే దీనికి అర్హులు. హెచ్-4 (హెచ్-1బీ లాంటి ఉద్యోగ వీసాల మీద ఉన్నవాళ్ల కుటుంబ సభ్యులది), ఎఫ్-1 (విద్యార్థులది) వీసాల మీద ఉన్నవాళ్లకు రాదు. పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సహాయం) 2025-26కు గరిష్ఠంగా 7,395 డాలర్లు, జీవితకాలంలో సుమారు 12 సెమిస్టర్ల దాకా ఇస్తారు. ఇప్పటికే బ్యాచిలర్స్ ఉన్నవాళ్లకు పెల్ రాదు. ఇండియా డిగ్రీ అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమని తేలినా అంతే. క్లెప్ ఫీజు, సోఫియా లాంటివాటి ఫీజు ఈ సహాయంలో కలవవు, చేతి డబ్బే. మీరు గానీ మీ వారు గానీ ఉద్యోగంలో ఉంటే కంపెనీ ట్యూషన్ సహాయం ఉందేమో అడగండి. కంపెనీ తన ఉద్యోగి చదువుకు ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఇస్తే దాని మీద టాక్స్ పడదు. సొంతంగా కట్టుకుంటే టాక్స్ రిటర్న్‌లో లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనే పన్ను రాయితీ కింద 2,000 డాలర్ల దాకా తగ్గే అవకాశం ఉంది, ఆదాయ పరిమితి ఉంటుంది.

హెచ్-4 మీద చదువుకోవచ్చు, పార్ట్‌టైమ్ అయినా, ఫుల్‌టైమ్ అయినా, ఆన్‌లైన్ అయినా. ఎఫ్-1 వాళ్లకు అలా కుదరదు. ఫుల్‌టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సే వస్తుంది, అంటే 3 క్రెడిట్లు. హెచ్-4 నుంచి ఎఫ్-1కు మారే ఆలోచన ఉన్నవాళ్లు పూర్తి ఆన్‌లైన్ ప్రోగ్రామ్ ఎంచుకోకూడదు.

ఎవాల్యుయేషన్ వచ్చాక దాన్ని ప్రశ్నించండి

అడ్మిషన్ వచ్చాక అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్టులు అన్ని చోట్ల నుంచీ వెళ్లాలి. క్లెప్ స్కోరు కాలేజ్ బోర్డ్ నుంచి వెళ్తుంది, బయటి సంస్థల కోర్సులకు వాటి ట్రాన్స్‌క్రిప్ట్ వేరే. పంపిన తేదీ, చేరిన తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. రెండు మూడు వారాల్లో కనిపించకపోతే మెయిల్ చేయండి.

రిపోర్ట్ వచ్చాక మూడు రంగుల పెన్నులు తీసుకోండి. డిగ్రీ గడిలో సరిగా పడిన కోర్సులకు ఒక రంగు. ఎలక్టివ్ కింద పడినవాటికి ఇంకో రంగు. అసలు తీసుకోనివాటికి మూడోది. రెండో, మూడో రంగుల్లో ఉన్న ప్రతి కోర్సు గురించీ ఒక ప్రశ్న వేసుకోండి: ఈ కాలేజీలో దీనికి దగ్గరగా ఉన్న కోర్సు ఏది? దొరికితే ఆ కోర్సు వివరణ, మీ సిలబస్ పక్కపక్కన పెట్టి, ఏ పాఠం ఏ పాఠంతో కలుస్తుందో గీత గీసినట్టు చూపిస్తూ అప్పీల్ పంపండి. విద్యార్థుల రికార్డులు చూసే రిజిస్ట్రార్ ఆఫీసులో మొదటి ఎవాల్యుయేషన్ చేసేవాళ్లు వందల కోర్సుల్ని పేరును బట్టి చూస్తారు. మీ స్టాటిస్టిక్స్ కోర్సు పేరు "బిజినెస్ డేటా అనాలిసిస్" అని ఉంటే, అది స్టాటిస్టిక్స్ అని వాళ్లకు తెలిసే దారి లేదు. అప్పీల్ వెళ్లేది ఆ సబ్జెక్టు డిపార్ట్‌మెంట్‌కు, అక్కడ చదివేవాళ్లు సబ్జెక్టు తెలిసినవాళ్లు.

నేను సిలబస్‌లు పెట్టి నాలుగు కోర్సుల మీద అప్పీల్ చేశాను. రెండు గడుల్లో పడ్డాయి, ఒకటి కాదన్నారు, ఇంకోదానికి సమాధానమే రాలేదు. మళ్లీ రాస్తే అదీ ఇచ్చారు. 9 క్రెడిట్లు, మూడు కోర్సుల ఫీజు, దాదాపు ఒక సెమిస్టర్ కాలం మిగిలింది. అప్పీల్ రాయడానికి పట్టింది ఒక శనివారం.

ఇంకా మిగిలిపోతే మేజర్ మార్చి చూడమని అడ్వైజర్‌ను అడగండి. ఎలక్టివ్స్ ఎక్కువ ఉన్నవాళ్లకు జనరల్ స్టడీస్, ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్, లిబరల్ స్టడీస్ లాంటి డిగ్రీలు త్వరగా పూర్తవుతాయి. ఉద్యోగానికి "ఏదో ఒక బ్యాచిలర్స్" చాలంటే ఇది మంచి దారి. ప్రత్యేకమైన మేజర్ కావాల్సిన ఉద్యోగమైతే మాత్రం త్వరపడి మార్చకండి.

చివరి ముప్ఫై క్రెడిట్లు

బయటి నుంచి తేగలిగినవన్నీ తెచ్చాక మిగిలేది కాలేజీలో చేయాల్సిన రెసిడెన్సీ, అప్పర్ లెవెల్ కోర్సులు. ఇవి చవగ్గా బయట దొరికేవి కావు, ఇక్కడ తొందర పనికిరాదు. పని, పిల్లలు ఉన్నవాళ్లకు టర్మ్‌కు ఒకటి రెండు కోర్సులే సరిపోతాయి. రిజిస్టర్ చేసే ముందు ప్రతిసారీ డిగ్రీ ఆడిట్ మళ్లీ తెరవండి, పీడీఎఫ్ దాచుకోండి. సిస్టమ్ మారినప్పుడు పాత అప్పీల్ ఫలితాలు మాయమైన సందర్భాలు ఉన్నాయి, అప్పుడు ఆ పీడీఎఫ్‌లే సాక్ష్యం. కొన్ని డిగ్రీల్లో చివర ఒక క్యాప్‌స్టోన్ కోర్సు (నేర్చుకున్నదంతా కలిపి చూపించేది) ఉంటుంది, అది ఏడాది పొడవునా ఉండకపోవచ్చు. ఏ టర్మ్‌లో ఇస్తారో ముందే కనుక్కుని దాని చుట్టూ మిగతావి అమర్చుకోండి.

క్రెడిట్లు 120 నిండగానే డిగ్రీ దానంతట అది రాదు. గ్రాడ్యుయేషన్ అప్లికేషన్ విడిగా పెట్టాలి, దానికి ఒక ఫీజు, ఒక గడువు ఉంటాయి, చాలాచోట్ల ఆ గడువు చివరి టర్మ్ మొదట్లోనే ఉంటుంది. డిప్లొమా మీద పేరు ఎలా రావాలో ఆ అప్లికేషన్‌లోనే అడుగుతారు. అక్కడ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి.